డోనర్స్‌చూజ్ రివ్యూ: టీచర్ రాసిన వ్యాసం వదిలేయండి, కింద ఉన్న వస్తువుల లిస్టు చూడండి

అమెరికాలో పబ్లిక్ స్కూళ్ళకి, అంటే ప్రభుత్వ స్కూళ్ళకి, ఏదైనా చేద్దాం అనుకునే మనవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతూనే ఉంటారు, డోనర్స్‌చూజ్ అనే విరాళాల సైట్‌ని నమ్మొచ్చా, డబ్బులు నిజంగా స్కూలుకి వెళ్తాయా, మధ్యలో ఎంత కోస్తారు అని. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకేసారి రాసి పడేస్తే ఆ లింకే పంపొచ్చు కదా అని ఇది రాస్తున్నా. మేం ఉండేది డల్లాస్ పక్కన, నేను టీచర్‌ని కాదు, కొన్నేళ్ళుగా దీంట్లో కొంచెం కొంచెం డబ్బులు పెడుతున్న మామూలు సాఫ్ట్‌వేర్ వాడిని, కాబట్టి ఇదంతా డబ్బులిచ్చేవాడి వైపు నుంచి. రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు. తీసేసిన ఆ ఒక్కటీ చిన్నదేం కాదు, దాని సంగతి కింద వస్తుంది.

అసలు తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. పబ్లిక్ స్కూల్లో పనిచేసే ఫుల్‌టైమ్ టీచర్ ఎవరైనా సరే, నా క్లాసులో ఫలానా పని చేయిద్దాం అనుకుంటున్నా, దానికి ఈ వస్తువులు కావాలి అని సైట్లో పెట్టుకోవచ్చు. హెడ్‌మాస్టర్ సిఫార్సు, కమిటీ, ఇంటర్వ్యూ ఏం ఉండవు. మనం 1 డాలర్ నుంచి ఎంతైనా వేయొచ్చు. మొత్తం నిండగానే డోనర్స్‌చూజ్ వాళ్ళే ఆ వస్తువులు కొని స్కూల్ అడ్రసుకి పంపిస్తారు, టీచర్ చేతికి నగదు ఒక్క సెంటు కూడా రాదు. తర్వాత టీచర్ క్లాస్ ఫోటోలు, ఒక ఉత్తరం పెట్టాలి, ఏది ఎంతకి కొన్నారో లెక్క మనకి కనిపిస్తుంది. ప్రాజెక్టు నాలుగు నెలల దాకా సైట్లో ఉంటుంది, అప్పటికీ నిండకపోతే మన డబ్బు క్రెడిట్‌గా వెనక్కొస్తుంది, ఇంకో ప్రాజెక్టుకి మళ్ళించుకోవచ్చు.

దీన్ని మొదలుపెట్టింది చార్ల్స్ బెస్ట్ అని న్యూయార్క్ బ్రాంక్స్‌లో వింగ్స్ అకాడమీ అనే పబ్లిక్ హైస్కూల్లో సోషల్ చెప్పే కుర్ర టీచర్, 2000లో. స్టాఫ్‌రూమ్‌లో లంచ్ తింటూ అందరూ అది ఉంటే బాగుండు ఇది ఉంటే బాగుండు అనుకోవడమే తప్ప కొనిపెట్టే నాథుడు లేడు, అక్కడ పుట్టింది ఐడియా. నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, తోటి టీచర్లని బతిమాలి మొదటి 11 రిక్వెస్టులు పెట్టించాడు గానీ ఇచ్చేవాళ్ళెవరూ లేరు, దాంతో పేరు చెప్పకుండా తనే జేబులోంచి ఆ పదకొండూ నింపేశాడు. ఇక స్కూలంతా ఒకటే మాట, ఆ సైట్లో అడిగితే చాలంట ఎవరో ఇచ్చేస్తున్నారంట అని. ఆ తర్వాత స్కూల్ పిల్లలే కూర్చుని 2,000 మందికి కవర్ల మీద చేత్తో అడ్రసులు రాసి ఉత్తరాలు పంపారు. ఇప్పుడు దీని ద్వారా క్లాసులకి చేరిన మొత్తం 100 కోట్ల డాలర్లు ఎప్పుడో దాటిపోయింది. 2018 మార్చిలో రిపుల్ అనే క్రిప్టో కంపెనీ 2.9 కోట్ల డాలర్లు ఇచ్చి ఆ రోజు సైట్లో ఉన్న ప్రాజెక్టులన్నీ, 35,000 పైచిలుకు, ఒకేసారి నింపేసింది, షాపులో సరుకంతా ఒకడే మూటకట్టి పట్టుకెళ్ళినట్టు. దానికి కొన్నేళ్ళ ముందు, 2015లో, టీవీ హోస్ట్ స్టీఫెన్ కోల్బేర్ తన సొంత రాష్ట్రం సౌత్ కరోలినాలో టీచర్లు అడిగినవన్నీ ఇలాగే క్లియర్ చేయించాడు.

మనవాళ్ళలో డేటా సైన్స్ నేర్చుకున్న బ్యాచ్‌కి ఈ పేరు వేరే దారిలో తెలిసుంటుంది. డేటా సైన్స్ పోటీలు నడిపే కాగుల్ అనే సైట్లో 2014లో ఒకసారి, మళ్ళీ 2018లో ఒకసారి డోనర్స్‌చూజ్ డేటాతో పోటీలు పెట్టారు. రెండోదాంట్లో టీచర్ రాసిన వ్యాసం చూసి దాన్ని డోనర్స్‌చూజ్ వాళ్ళు అప్రూవ్ చేస్తారా లేదా చెప్పాలి, నూటికి దాదాపు 85 అప్రూవ్ అయినవే కాబట్టి కళ్ళు మూసుకుని అన్నిటికీ అవును అని చెప్పినా 85 శాతం యాక్యురసీ వచ్చేది. నేను కూడా ఈ సైట్ గురించి మొదట విన్నది ఆ డేటాసెట్‌తోనే. డేటాలో కాలమ్ పేర్లుగా చూసినవాటిని తర్వాత నిజం సైట్లో టీచర్ల ఉత్తరాలుగా చదువుతుంటే గమ్మత్తుగా ఉంటుంది.

సరే, అసలు విషయానికొస్తా. డోనర్స్‌చూజ్ పేజీలో పైన ఫోటో, కింద టీచర్ రాసిన వ్యాసం, ఇంకా కిందకి వెళ్తే వస్తువుల లిస్టు ఉంటాయి. ఎక్కువమంది వ్యాసం చదివి మనసు కరిగి డబ్బులు వేసేస్తారు. నేనైతే లిస్టు చూస్తా. వ్యాసాలన్నీ కొన్నాళ్ళకి ఒకేలా అనిపిస్తాయండి, నా పిల్లలు బంగారం, కష్టాల్లో ఉన్నా నవ్వుతూ వస్తారు, మీ సాయంతో వాళ్ళు ఎగురుతారు, ఇదే వరస. ఆ టీచర్ల తప్పేం కాదు, ఇలా రాస్తేనే డబ్బులు పడతాయి అని అందరికీ అర్థమైపోయింది. లిస్టులో మాత్రం అలా కుదరదు. ఏ కంపెనీ వస్తువు, ఒక్కోటి ఎంత, ఎన్ని అని బిల్లులా ఉంటుంది, టీచర్ ఆ పనిని నిజంగా మనసులో చేసి చూసుకుందో లేదో అక్కడ తెలిసిపోతుంది.

ఒకటి చెప్తా. మిసిసిపీ డెల్టా వైపు ఒక మిడిల్ స్కూల్ సైన్స్ టీచర్ పెట్టిన ప్రాజెక్టు, ఊళ్ళో పారే వాగు నీళ్ళు పిల్లల చేత టెస్ట్ చేయించాలని. వ్యాసం చాలా సాదాగా ఉంది, నాలుగు లైన్లు, స్పెల్లింగ్ తప్పులు కూడా. లిస్టు చూస్తే నైట్రేట్‌కీ పీహెచ్‌కీ టెస్ట్ స్ట్రిప్పుల ప్యాకెట్లు, మూతలున్న ప్లాస్టిక్ సీసాలు, సీసాల మీద రాయడానికి నీళ్ళకి చెరగని మార్కర్లు, చిన్న సైజు గ్లవ్స్ వేరే పెద్ద సైజు వేరే, అన్నిటికన్నా చివర ఒక మాపు, బకెట్. ఆ మాపు చూసి నవ్వొచ్చింది గానీ అక్కడే నమ్మకం కూడా కుదిరింది. ముప్పై మంది పిల్లలు వాగు నీళ్ళ సీసాలతో క్లాసులోకి వస్తే నేల ఏమవుతుందో ముందే ఊహించిన మనిషి ఆ పని చేసి తీరుతుంది కదా. దీనికి పోటీగా అదే పేజీలో కనిపించిన ఇంకో ప్రాజెక్టు వ్యాసం కన్నీళ్ళు పెట్టించేలా ఉంది, లిస్టు తెరిస్తే ఐదు ట్యాబ్లెట్లు, ఐదు కవర్లు, అంతే. ట్యాబ్లెట్లు తప్పని కాదు, కానీ వాటితో ఏం చేస్తారో ఆ పేజీ మొత్తంలో ఎక్కడా లేదు.

వాగు ప్రాజెక్టు పిల్లల నుంచి ఉత్తరాలొచ్చాయి. 50 డాలర్లు, ఆపైన ఇస్తే పిల్లలు చేత్తో రాసిన థ్యాంక్యూలు వచ్చే పద్ధతి ఒకటుంది, కొంతమంది చెట్లు వృథా అని వద్దనుకుంటారు, నేను మాత్రం వద్దనను. ఒకబ్బాయి రాశాడు, మా ఇంటి వెనక నీళ్ళు గోధుమరంగులో ఉంటాయి, చెడ్డవేమో అనుకునేవాడిని, టెస్ట్ చేస్తే అది మట్టే అని తేలింది, పక్కన తేటగా కనిపించే చోటే నైట్రేట్ ఎక్కువుంది, పొలాల నుంచి వస్తుందని టీచర్ చెప్పింది అని. కింద ఒక చేప బొమ్మ, దాని పక్కన, మీ ఇంట్లో కుక్క ఉందా అని ప్రశ్న. రంగు చూసి నీళ్ళు మంచివో కాదో చెప్పలేం అనే సంగతి ఏ టెక్స్ట్‌బుక్ పేజీ చదివినా ఆ పిల్లాడికి అలా ఎక్కదు. మొత్తం ఆ ప్రాజెక్టు ఖర్చు మనం ఇక్కడ ఒక వీకెండ్ రెండు ఫ్యామిలీలు బయటికెళ్ళి సినిమా చూసి బిర్యానీ తింటే అయ్యేదానికి కాస్త ఎక్కువ.

ఇప్పుడు కోతల సంగతి, అందరూ అడిగేది ఇదే. మీరు వేసే మొత్తంలో 15 శాతం డోనర్స్‌చూజ్ నడపడానికి అని ముందే టిక్ పెట్టి ఉంటుంది. అది ఆప్షనల్, తీసేయొచ్చు, తగ్గించుకోవచ్చు. ప్రాజెక్టు పేజీలోనే లెక్క విడివిడిగా ఉంటుంది, వస్తువుల ధర, షిప్పింగ్, సేల్స్ ట్యాక్స్, కార్డు ప్రాసెసింగ్ ఛార్జీ, కొని పంపే పనికయ్యే ఖర్చు, ఆ పైన ఈ 15 శాతం కలిపితే ఎంత కలపకపోతే ఎంత. నాకైతే ఇంత విప్పి చూపించే చారిటీ ఇంకోటి తారసపడలేదు. నేను 15 శాతం ఉంచేస్తా, ఎందుకంటే టీచర్ల రిక్వెస్టులు ఎవరో ఒకరు చదవాలి, ఆర్డర్లు పెట్టాలి, చేరిందా లేదా చూడాలి, జీతాలు ఊరికే రావు. కానీ ముందే టిక్ పెట్టి ఉంచడం నాకు నచ్చదు, అది మనమే పెట్టుకునేలా ఉండాలి.

వస్తువులిస్తారు గానీ డబ్బివ్వరు అనేదాన్ని కొంతమంది టీచర్లు విసుక్కుంటారు, పక్క షాపులో అదే ఆరు డాలర్లు తక్కువకి దొరుకుతుంది అని. నిజమే, వాళ్ళ లిస్టులో ఉన్న వెండర్ల దగ్గరే ఎంచుకోవాలి. అయినా ఎక్కడో అలాస్కాలో ఉన్న టీచర్‌కి డల్లాస్‌లో ఉన్నవాడు ముక్కూ మొహం తెలియకుండా డబ్బులు వేస్తున్నాడంటే ఆ నమ్మకం దీనివల్లే వచ్చింది. కొన్న వస్తువులు కూడా స్కూల్ ఆస్తి కిందకే వస్తాయి, టీచర్ సొంతం కాదు.

ఇక తీసేసిన ఆ ఒక్క స్టార్.

అమెరికా స్కూళ్ళకి డబ్బులో పెద్ద భాగం ఆ ఊరి ప్రాపర్టీ ట్యాక్స్ నుంచి వస్తుంది. టెక్సస్‌లో ఇల్లున్న ప్రతి తెలుగువాడూ ఏటా ఆ బిల్లు చూసి గుండె పట్టుకుంటాడు, అందులో సింహభాగం స్కూల్ డిస్ట్రిక్ట్‌దే, అంటే ఆ ప్రాంతం పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థది. ఇళ్ళ ధరలు ఎక్కువున్న చోట స్కూలుకి డబ్బెక్కువ, తక్కువున్న చోట తక్కువ. దీన్ని సరిచేయడానికి డబ్బున్న డిస్ట్రిక్టుల నుంచి కొంత తీసి రాష్ట్రం పంచే చట్టం 1993 నుంచి ఉంది, రాబిన్ హుడ్ అంటారు దాన్ని, మా వైపు సిటీల్లో జనం దాన్ని తిట్టని మీటింగ్ ఉండదు. అదైనా బేసిక్ ఖర్చులకే సరిపోదు. మా ఏరియా స్కూళ్ళకి పీటీఏ, అంటే తల్లిదండ్రులు టీచర్ల సంఘం, బలం ఉంది, పైగా డిస్ట్రిక్టుకో ఎడ్యుకేషన్ ఫౌండేషన్, వాళ్ళు టీచర్లకి చిన్న గ్రాంట్లు ఇస్తారు, ఇచ్చే రోజు బెలూన్లు, మనిషంత చెక్కు బోర్డు పట్టుకుని క్లాసులోకి దూరి సర్‌ప్రైజ్ చేస్తారు, పిల్లలు కేకలు, ఫోటోలు, బాగుంటుంది చూడ్డానికి. అరగంట డ్రైవ్ దూరంలో ఉన్న ఇంకో డిస్ట్రిక్ట్‌లో ఆ హంగామా అంతా చేయడానికి డబ్బిచ్చే మనుషులే లేరు. డోనర్స్‌చూజ్ అసలు ఉపయోగం అలాంటి చోటే, పేద పిల్లలు ఎక్కువున్న స్కూళ్ళని విడిగా చూపించే ఫిల్టర్ కూడా పెట్టారు, అది వాడండి.

అయినా దీని తీరులోనే ఒక తిరకాసు ఉంది. వ్యాసం బాగా రాయగలిగిన టీచర్, ఫోటోలు బాగా తీయగలిగిన టీచర్, ఫేస్‌బుక్‌లో నలుగురు డబ్బున్న ఫ్రెండ్స్ ఉన్న టీచర్, వీళ్ళ ప్రాజెక్టులు టకటకా నిండిపోతాయి. సాయంత్రం రెండో ఉద్యోగానికి పరిగెత్తే టీచర్ వ్యాసం ఎప్పుడు రాస్తుంది, ఎవరికి షేర్ చేస్తుంది. ఎన్‌సీఈఎస్ అని ఇక్కడి ప్రభుత్వ లెక్కల సంస్థ 2015-16 సంవత్సరానికి సర్వే చేస్తే పబ్లిక్ స్కూల్ టీచర్లలో 94 శాతం మంది క్లాస్ వస్తువులకి సొంత డబ్బు ఖర్చు పెట్టారు, అలా పెట్టినవాళ్ళు సగటున ఏడాదికి 479 డాలర్లు. ఐఆర్‌ఎస్ అని ఇక్కడి ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ వాళ్ళు టీచర్‌కి దీనికి ఇచ్చే డిడక్షన్ చాలా ఏళ్ళు 250 దగ్గరే ఉంది, 2022లో 300 చేశారు. అంటే సైట్లో అడిగినా అడగకపోయినా టీచర్లే ఈ ఖర్చు మోస్తున్నారు. సైట్లో ఎప్పుడు చూసినా పెన్సిళ్ళు, కాపీ పేపర్, క్లీనింగ్ వైప్స్ అడిగే రిక్వెస్టులు బోలెడు కనిపిస్తాయి, అవి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. టీచర్ మీద కాదు. కాపీ పేపర్ కొనాల్సింది డిస్ట్రిక్ట్, మనం కొనడం మొదలుపెడితే వచ్చే ఏడాది కూడా వాళ్ళు కొనరు. అందుకే నా రూల్, డిస్ట్రిక్ట్ ఎప్పటికీ కొనని వాటికే నా డబ్బు. వాగు నీళ్ళ కిట్లు, కోడిగుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్, చిన్న గిటార్ లాంటి ఉకులేలేలు, పిల్లలు రాసిన కథల్ని పుస్తకంగా కుట్టుకునే సామాను, ఇలాంటివి.

ఈ రూల్ మా ఆవిడకి నచ్చదు. తను ఇచ్చేది ఒకే సెక్షన్‌కి, తిండి, బట్టలు, దుప్పట్లు అడిగే వాటికి. పొద్దున్నే ఏం తినకుండా వచ్చిన పిల్లకి నీ ఉకులేలే ఏం చేసుకుంటుంది, ముందు గ్రానోలా బార్ పెట్టు అంటుంది. డిస్ట్రిక్ట్ బాధ్యత అంటే, డిస్ట్రిక్ట్ బాధ్యత నేర్చుకునేలోపు ఆ పిల్ల పెద్దదైపోతుంది అంటుంది. దీనికి నా దగ్గర గట్టి జవాబేం లేదు, మా ఇంట్లో రెండు అకౌంట్లు, ఎవరి లాగిన్ వాళ్ళది.

మన దగ్గర ఇలాంటిదేం లేదా అంటే ఉండేది, నిజానికి ఒక రకంగా ఇంతకన్నా మంచిదే. మా మేనత్త తెనాలి దగ్గర ఎంపీపీ స్కూల్లో టీచర్. డీపెప్ అనే జిల్లా ప్రాథమిక విద్యా పథకం రోజుల్లో, తర్వాత సర్వశిక్షా అభియాన్‌లో, ప్రతి టీచర్‌కి ఏడాదికి 500 రూపాయలు టీఎల్ఎం గ్రాంట్ ఇచ్చేవాళ్ళు, బోధన సామగ్రి తయారు చేసుకోడానికి. వ్యాసం రాయక్కర్లేదు, ఎవరినీ మెప్పించక్కర్లేదు, టీచర్ అయితే చాలు. అత్తయ్య ఆ డబ్బుతో చార్టులు, స్కెచ్ పెన్నులు, రబ్బరు బ్యాండ్లు కొనేది, మిగతావన్నీ ఇంట్లోవే. చీపురుపుల్లలు ఒకే పొడవుకి కత్తిరించి పది పుల్లలకో కట్ట, పది కట్టలకో పెద్ద కట్ట, స్థాన విలువలు చెప్పడానికి. తీసివేతలో అప్పు తీసుకోవడం అనేది చెప్పేటప్పుడు పిల్లాడి చేతే కట్ట రబ్బరు బ్యాండు విప్పించేది, పది పుల్లలు బల్ల మీద పరుచుకోగానే వాడికి విషయం అర్థమైపోయేది. వేసవి సెలవుల్లో మేం వెళ్తే మా చేత చింతపిక్కలు అరగదీయించేది, ఒకవైపు తెల్లగా ఒకవైపు నల్లగా ఉండాలంట లెక్కలకి. టీఎల్ఎం మేళా అని మండలంలో టీచర్లందరూ చేసినవి బల్లల మీద పెట్టి చూపించుకునేవాళ్ళు, అక్కడ ఒకరిది చూసి ఒకరు కాపీ కొట్టడమే అసలు ట్రైనింగ్.

దాని కష్టాలు దానికున్నాయి, 500కి వోచర్లు, బిల్లులు, ఏ రబ్బరు బ్యాండు ఎందుకు కొన్నావో రిజిస్టర్‌లో రాయాలి, ఆఖరికి కొంతమంది నాలుగు రెడీమేడ్ చార్టులు కొని గోడకి తగిలించి ఊరుకునేవాళ్ళు. అయినా ఆ పద్ధతిలో బాగా మాట్లాడేవాళ్ళకి ఎక్కువ, మాటరాని వాళ్ళకి తక్కువ అనేది లేదు. డోనర్స్‌చూజ్‌లో టీచర్‌కి ఎంచుకునే స్వేచ్ఛ ఎక్కువ, మొత్తం కూడా ఎక్కువ, కానీ గ్యారంటీ లేదు. నన్నడిగితే టీచర్లందరికీ తలా కొంత మారుమాట లేకుండా ప్రభుత్వం ఇచ్చేసి, అంతకు మించి పెద్ద ఐడియాలున్న వాళ్ళకి ఇలాంటి సైట్ ఉండాలి. ఇక్కడ రెండోది ఉంది మొదటిది సరిగ్గా లేదు, మన దగ్గర మొదటిది కొన్నాళ్ళు నడిచింది, రెండోది ఇంకా పాకుతోంది.

ఇండియాలో ఇప్పుడు సమగ్ర శిక్ష పథకంలో స్కూల్ మొత్తానికి కలిపి ఏడాదికో గ్రాంట్ వస్తుంది, పిల్లల సంఖ్యని బట్టి లక్ష రూపాయల దాకా, కానీ అది కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిపేర్లకే అయిపోతుంది, ఒక టీచర్ బుర్రలో ఉన్న ఐడియా దాకా రాదు. పిల్లల సైన్స్ ఐడియాలకైతే ఇన్‌స్పైర్ మానక్ అనే కేంద్ర పథకం కింద 10,000 రూపాయలు ఇస్తారు, అది స్టూడెంట్ పేరు మీద. మన ఊరి స్కూలుకి వస్తువులివ్వాలనుకునే వాళ్ళకి విద్యాంజలి పోర్టల్ 2021 సెప్టెంబర్ నుంచి ఉంది, స్కూలు తనకేం కావాలో పెడుతుంది, మనం వస్తువుగా ఇవ్వొచ్చు. అడిగేది స్కూలు, టీచర్ కాదు, అదే తేడా. ఆ లిస్టుల్లో కుర్చీలు, ఫ్యాన్లు, కంప్యూటర్లు కనిపించినంత తరచుగా చీపురుపుల్లల లాంటి ఐడియాలు కనిపించవు.

మళ్ళీ డోనర్స్‌చూజ్‌కి. మాకు బాగా పనికొచ్చిన ఒక వాడకం చెప్తా, గిఫ్ట్ కార్డులు. ఇక్కడ మన బర్త్‌డే పార్టీల్లో రిటర్న్ గిఫ్ట్ గోల తెలుసు కదా, ప్లాస్టిక్ డబ్బాలో ప్లాస్టిక్ బొమ్మలు, ఇంటికెళ్ళేలోపు కారు సీటు కింద సగం. మా పాప పుట్టినరోజుకి వచ్చిన పిల్లలకి ఒక్కొక్కరికీ డోనర్స్‌చూజ్ గిఫ్ట్ కార్డు ఇచ్చాం, ఏ ప్రాజెక్టుకి వేయాలో వాళ్ళే ఎంచుకుంటారు. ఒకావిడ మొహంలో మాత్రం ఇదేంటి, డబ్బా లేదా అన్నట్టు కనిపించింది. పిల్లలు మాత్రం ఆ రాత్రే వాళ్ళ అమ్మానాన్నల పక్కన కూర్చుని ఎంచుకున్నారంట, మర్నాడు మాకు మెసేజులు. అందరికీ కోడిపిల్లల ప్రాజెక్టే కావాలి. తర్వాత ఆ క్లాసు వాళ్ళు పెట్టిన ఫోటోలో తడి తడిగా ఒక పిల్ల గుడ్డులోంచి తల బయటపెట్టి ఉంది, అది పిల్లలందరి ఇళ్ళల్లో ఫోన్ల మీద తిరిగింది. ఇచ్చింది ఎవరికి చేరిందో పిల్లలు కళ్ళతో చూడటం గుళ్ళో హుండీలో వేయించడం లాంటిది కాదు, హుండీని తప్పుపట్టట్లేదు లెండి.

ఈమధ్య మన ఆడవాళ్ళు చాలామంది ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్, అంటే టీచింగ్ డిగ్రీ లేకుండా టీచర్ లైసెన్స్ తెచ్చుకునే కోర్సు, చేసి ఇక్కడ టీచర్లవుతున్నారు, వాళ్ళకో మాట. మీరు ఫుల్‌టైమ్ అయ్యుండాలి, పనిలో కనీసం 75 శాతం పిల్లలతో నేరుగా గడిపేదై ఉండాలి, అప్పుడే పెట్టొచ్చు, సబ్‌స్టిట్యూట్‌గా, అంటే ఎవరైనా సెలవు పెడితే వెళ్ళే టీచర్‌గా, ఉన్నంతకాలం కుదరదు. ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచే చార్టర్ స్కూల్ అయినా ఓకే, ప్రైవేట్ అయితే కాదు. ముందు మీ డిస్ట్రిక్ట్ రూల్స్ కనుక్కోండి, కొన్నిచోట్ల క్రౌడ్‌ఫండింగ్‌కి పర్మిషన్ తీసుకోవాలి, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. మొదటి ప్రాజెక్టు చిన్నదే పెట్టండి, చిన్నవి తొందరగా నిండుతాయి. వ్యాసంలో పిల్లల కష్టాలు ఏకరువు పెట్టే బదులు సోమవారం పొద్దున క్లాసులో ఏం జరుగుతుందో రాయండి, నాలాంటి వాళ్ళు వెతికేది అదే. మొహమాటం కూడా వద్దు, తెలుగు గ్రూపుల్లో ఇల్లు అమ్మకానికుంది, సాంబార్ పొడి తెప్పిస్తున్నాం అని పెట్టుకుంటాం కదా, ఇదీ పెట్టండి. సైన్స్, లెక్కలు చెప్పేవాళ్ళు తోషిబా అమెరికా ఫౌండేషన్ కూడా చూడండి, ఐదో తరగతి దాకా చెప్పే టీచర్లకి 1,000 డాలర్ల దాకా ఇస్తారు, డోనర్స్‌చూజ్‌లో పట్టని ప్రాజెక్టులు అక్కడ పట్టొచ్చు.

ఇచ్చేవాళ్ళకి ఇంకో రెండు చిట్కాలు. మ్యాచ్ ఆఫర్ ఉన్న ప్రాజెక్టులు పేజీలోనే కనిపిస్తాయి, ఏదో ఒక కంపెనీ సగం పెట్టుకుంటుంది, మీ 25 అక్కడ 50 అవుతుంది. కాకపోతే మ్యాచ్ ఉంది కదా అని నచ్చని ప్రాజెక్టుకి వేయకండి, ఆ డబ్బు మీరు వేయకపోయినా ఎవరో ఒకరి వల్ల వెళ్తుంది. ఏ టీచర్‌ని ఎంచుకోవాలో తెలియకపోతే మీరు అమెరికా వచ్చిన కొత్తలో మొదట ఉన్న ఊరు కొట్టి చూడండి, ఆ ఊరి స్కూల్ ఏదో ఒకటి ఉంటుంది. ఇది 501సీ3, అంటే లాభాపేక్ష లేని సంస్థ కాబట్టి ట్యాక్స్ రసీదు వస్తుంది, మనలో ఎక్కువమంది ఖర్చులు విడివిడిగా చూపించకుండా (అలా చూపించడాన్నే ఐటమైజ్ అంటారు) అందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటాం గనక ఇన్నాళ్ళూ పెద్ద లాభం లేదు, 2026 నుంచి ఐటమైజ్ చేయకపోయినా జంటగా ఫైల్ చేసేవాళ్ళకి 2,000 డాలర్ల దాకా విరాళాలు తీసేసుకునే వీలు వచ్చింది, రసీదులు దాచుకోండి. అన్నిటికన్నా ముందు మీ కంపెనీ పోర్టల్‌లో గిఫ్ట్ మ్యాచింగ్, అంటే మీ విరాళానికి కంపెనీ కూడా కలిపే పద్ధతి, ఉందేమో చూడండి, చాలా పెద్ద కంపెనీల్లో ఉంటుంది, మనవాళ్ళలో చాలామంది దాన్ని ఒక్కసారి కూడా ఓపెన్ చేయరు, ఏడాది లిమిట్ చాలాచోట్ల డిసెంబర్ 31తో ఎగిరిపోతుంది.